హీలియంలో రెండు ఎలక్ట్రాన్లూ పైకెక్కితే ఏమవుతుందో కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పరమాణువు గురించి పత్రికల విజ్ఞాన పేజీల్లోనూ పాఠ్యపుస్తకాల్లోనూ కనిపించే బొమ్మ దాదాపు ఒకటే. నిచ్చెన మెట్లలా శక్తి స్థాయులు, అడుగు మెట్టు మీద ఒక ఎలక్ట్రాన్. కాంతి తగిలితే అది పై మెట్టెక్కుతుంది. కాసేపటికి కిందికి దిగుతూ ఆ శక్తిని మళ్లీ కాంతిగా ఇచ్చేస్తుంది. హైడ్రోజన్ వరకు ఈ బొమ్మకు వంక పెట్టడానికి లేదు. రెండో మూలకమైన హీలియంలో రెండు ఎలక్ట్రాన్లూ ఒకేసారి పైకెక్కినప్పుడు మాత్రం ఇది పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. దాదాపు ఎప్పుడూ అవి కాంతినివ్వకుండానే కిందికి దిగుతాయి. ఒకటి దిగుతూ రెండోదాన్ని పరమాణువు బయటికి తోసేస్తుంది. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారన్న ప్రశ్నకు అక్కడ సరైన జవాబే ఉండదు. డిగ్రీ విద్యార్థికి ఇది అర్థం కానంత కష్టమైన విషయమేమీ కాదు. కూడికలు, తీసివేతలతోనే చాలా దూరం వెళ్లవచ్చు. అందుకే ఈ ఉత్తరం.

ముందు లెక్క. ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి పట్టించుకోవని అనుకుందాం. అప్పుడు ఒక్కో ఎలక్ట్రాన్ బంధన శక్తి, అంటే దాన్ని ఊడదీయడానికి కావలసిన శక్తి, రావాలంటే 13.6 ఎలక్ట్రాన్ వోల్టులను (పరమాణువుల్లో శక్తిని కొలిచే ప్రమాణం ఇది) కేంద్రక ఆవేశపు వర్గంతో గుణించి, కక్ష్య సంఖ్య వర్గంతో భాగించాలి. హీలియం కేంద్రక ఆవేశం 2. రెండు ఎలక్ట్రాన్లూ మొదటి కక్ష్యలో ఉంటే ఒక్కోదానికి 54.4 చొప్పున మొత్తం 108.8 ఎలక్ట్రాన్ వోల్టులు. కొలతలో వచ్చేది 79.0 మాత్రమే: మొదటిదాన్ని ఊడదీయడానికి 24.6, మిగిలినదానికి 54.4. ఈ 29.8 తేడా అంతా రెండింటి మధ్య వికర్షణ వల్ల వచ్చిందే.

ఇప్పుడు రెండింటినీ రెండో కక్ష్యలో పెట్టండి. ఒక్కోదానికి 13.6 చొప్పున 27.2. అంటే కనిష్ఠ స్థితి నుంచి కొలిస్తే 79.0లో 27.2 పోగా 51.8 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తు. ఎలక్ట్రాన్లు పరస్పరం పట్టించుకోకపోతే రెండో కక్ష్యలోని జంట స్థితులన్నీ ఈ 51.8 దగ్గరే ఒకే చోట పోగుపడాలి. ప్రకృతిలో ఆరు వేరువేరు స్థితులు కనిపిస్తాయి. వాటి ఎత్తులు సుమారుగా 57.8, 58.3, 59.7, 59.9, 60.15, 62.1. అన్నిటికన్నా కిందిది కూడా లెక్క కన్నా 6 ఎలక్ట్రాన్ వోల్టులు పైన ఉంది, అన్నిటికన్నా పైది 10కి పైగా పైన ఉంది. ఒక ఎలక్ట్రాన్ కేంద్రకానికి తెరలా అడ్డు నిలిచి రెండోదానికి ఆకర్షణ తగ్గిస్తుందని క్లాసులో చెబుతాం. అలాంటి సగటు తెర ఒక్కటే అయితే స్థితులన్నీ కలిసి పైకి జరగాలి, ఇలా 4 ఎలక్ట్రాన్ వోల్టుల మేర చెదిరిపోకూడదు. చెదిరిపోయాయంటే, ఈ క్షణాన అది ఎటు వైపు ఉంటే ఇది ఎటు వైపు ఉంది అన్నది లెక్కలోకి రావాల్సిందే.

పరిశోధకులు ఈ స్థితులకు 2ఎస్ రెండు, 2ఎస్‌2పి, 2పి రెండు అని పేర్లు పెట్టారు. ఇందులో 2 కక్ష్య సంఖ్య, ఎస్, పి ఆ కక్ష్యలోని రెండు రకాల స్థాయులు; '2ఎస్ రెండు' అంటే రెండు ఎలక్ట్రాన్లూ 2ఎస్‌లోనే ఉన్నాయని. పిలవడానికి వీలుగా ఉంటాయి కాబట్టి మేమూ అలాగే పిలుస్తాం. కానీ ఒక్క ఎలక్ట్రానే మిగిలిన హీలియం అయాన్‌లో 2ఎస్, 2పి స్థాయుల శక్తులు దాదాపు సమానం. అంత దగ్గర శక్తి ఉన్న రెండు స్థితులను చిన్న ప్రభావం కూడా బాగా కలిపేస్తుంది, ఇక్కడేమో ఆ ప్రభావం చిన్నది కాదు. 57.8 దగ్గరి స్థితిని '2ఎస్ రెండు' అంటాం గానీ దానిలో '2పి రెండు' కూడా గణనీయంగా కలిసి ఉంటుంది. ఆ కలయికతో ఎలక్ట్రాన్లు కేంద్రకానికి చెరో వైపు సర్దుకుంటాయి. మధ్యలో కేంద్రకం, ఆ చివరొకటి, ఈ చివరొకటి: మూడు పరమాణువులు ఒకే గీత మీద ఉండే అణువులాంటి అమరిక. 1970లలో హెరిక్, సినానోగ్లు అనే శాస్త్రవేత్తలు ఈ దృష్టితో కొత్త క్వాంటం సంఖ్యలు ప్రతిపాదించారు. అవి ఒక్కో ఎలక్ట్రాన్‌కు విడివిడిగా వర్తించవు, జంటకు వర్తిస్తాయి. రెండింటి మధ్య కోణం ఎంత విప్పారి ఉందో చెప్పే సంఖ్య వాటిలో ఒకటి. ఈ పోలికకు హద్దు ఉందని కూడా చెప్పాలి. 57.8, 58.3, 59.9 స్థితులు తిరిగే దండం స్థాయుల్లా వరుస కడతాయి. దండం గట్టిదైతే, అడుగు స్థితి నుంచి కొలిచిన రెండో ఎత్తు మొదటి ఎత్తుకు 3 రెట్లుండాలి. నిజానికి దాదాపు 4.4 రెట్లుంది. అంటే ఈ దండం తిరుగుతూ బాగా వంగుతుంది కూడా.

పుస్తకాల్లో పాతుకుపోయిన ఒక తప్పును కూడా ఈ సందర్భంలో ప్రస్తావించక తప్పదు. హీలియంలో ఒకే ఎలక్ట్రాన్ రెండో కక్ష్యకు ఎక్కినప్పుడు, ఎలక్ట్రాన్ల స్పిన్లు (తమ చుట్టూ తాము తిరుగుతున్నట్టుండే సహజ గుణం) ఒకే దిశలో ఉన్న ట్రిప్లెట్ స్థితి 19.8 దగ్గర, ఎదురెదురుగా ఉన్న సింగ్లెట్ 20.6 దగ్గర ఉంటాయి. ట్రిప్లెట్‌లో ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి దూరంగా ఉంటాయి కాబట్టి వికర్షణ తక్కువ, అందుకే శక్తి తక్కువ అని చెప్పి సరిపెడతారు. కచ్చితమైన లెక్క వేస్తే వికర్షణ ట్రిప్లెట్‌లో 7.3, సింగ్లెట్‌లో 6.8 ఎలక్ట్రాన్ వోల్టులు వస్తుంది. ట్రిప్లెట్‌లోనే ఎక్కువ! స్పిన్లు ఒకే దిశలో ఉన్న ఎలక్ట్రాన్లు ఎదురుపడకుండా తప్పుకుంటాయి. అందువల్ల బయటి ఎలక్ట్రాన్‌కు తెర పలచబడి అది కేంద్రకానికి మరింత దగ్గరగా చేరుతుంది. ఆకర్షణలో వచ్చే లాభం వికర్షణలో వచ్చే నష్టాన్ని మించుతుంది. డేవిడ్‌సన్ 1960లలోనే చూపిన విషయమిది.

ఇక 60.15 దగ్గరి స్థితికి వద్దాం. మా దృష్టిలో పరమాణు భౌతికశాస్త్రమంతటిలో దీనికన్నా మంచి పాఠం లేదు. ఒకే ఒక్క ఫోటాన్ (కాంతి రేణువు) హీలియాన్ని కనిష్ఠ స్థితి నుంచి ఇక్కడికి తీసుకెళ్లగలదు. ఆ ఫోటాన్ తరంగదైర్ఘ్యం 20.6 నానోమీటర్లు. కాంతి తనంతట తాను ఒకసారికి ఒక ఎలక్ట్రాన్‌నే కదుపుతుంది. అయినా రెండూ ఎక్కాయంటే అవి ముందునుంచే ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయన్నమాట. ఈ రేఖ కనిపించడమే దానికి సాక్ష్యం.

అక్కడికి చేరిన జంట ఎక్కువ సేపు నిలవదు. ఒక ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 24.59 చాలు, చేతిలో 60.15 ఉంది. ఒకటి అడుగుకు దిగితే రెండోది 35.56 ఎలక్ట్రాన్ వోల్టుల గతిశక్తితో బయటపడుతుంది. దీన్నే స్వయం అయనీకరణం అంటారు. సగటు ఆయుష్షు సుమారు 17 ఫెమ్టోసెకన్లు. ఫెమ్టోసెకను అంటే సెకనులో 10 కోట్ల కోట్లవ వంతు. బోర్ పాత లెక్క ప్రకారం ఆ కక్ష్యలో ఒక చుట్టుకు 0.3 ఫెమ్టోసెకను పడుతుంది కాబట్టి విడిపోయే లోపు 50కి పైగా చుట్లు తిరిగినట్టు. కాంతినిచ్చి దిగాలంటే 100 పికోసెకన్ల (పికోసెకను అంటే 1000 ఫెమ్టోసెకన్లు) స్థాయిలో సమయం కావాలి, అంటే దాదాపు 6000 రెట్లు. అంత వ్యవధి జంటకు దొరకదు.

ఈ స్థితి వర్ణపటంలో ఎలా కనిపిస్తుందన్నది అసలు విశేషం. మామూలు శోషణ రేఖ రెండు వైపులా సమంగా వాలే గుట్టలా ఉంటుంది. ఇది అలా ఉండదు. తక్కువ శక్తి వైపు నుంచి వస్తుంటే శోషణ మెల్లగా పెరిగి నిటారుగా శిఖరానికి చేరుతుంది. ఆ వెంటనే జారి సున్నాకు పడిపోతుంది. అక్కడి నుంచి నెమ్మదిగా కోలుకుని పాత మట్టానికి వస్తుంది. కారణం వ్యతికరణం. 35.56 ఎలక్ట్రాన్ వోల్టులతో ఎలక్ట్రాన్ బయటికి రావడానికి రెండు దారులున్నాయి: ఫోటాన్ దాన్ని నేరుగా తన్నేయడం, లేదా జంట స్థితిలోకి ఎక్కి అక్కడి నుంచి విడిపోవడం. చివరి ఫలితం ఒకటే కాబట్టి ఏ దారిన వచ్చిందో చెప్పలేం. రెండు దారుల తరంగాలు శిఖరం వైపు కలిసివస్తాయి, అటు పక్క ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఉగో ఫానో 1961లో ఈ ఆకారానికి సూత్రం ఇచ్చాడు. 1963లో మాడెన్, కాడ్లింగ్ వాషింగ్టన్‌లోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో 180 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లను వలయంలో వేగంగా తిప్పే యంత్రం) కాంతితో హీలియంలో ఈ రేఖలను వరుసగా చూపించారు.

ఫానో గీతను విద్యార్థి గ్రాఫు కాగితం మీద గీయవచ్చు. ఫోటాన్ శక్తిలో 60.15 తీసేసి, వచ్చినదాన్ని 0.0187తో భాగించండి. రేఖ వెడల్పు 0.037 ఎలక్ట్రాన్ వోల్టులు, అందులో సగం ఇది. వచ్చిన సంఖ్యకు ఎప్సిలాన్ అని పేరు. దానికి రుణ 2.75ను కలిపి వర్గం చేయండి. ఎప్సిలాన్ వర్గానికి 1 కలిపి, దానితో భాగించండి. ఎప్సిలాన్ రుణ 10 దగ్గర 1.61 వస్తుంది, రుణ 5 దగ్గర 2.31, రుణ 2 దగ్గర 4.51, రుణ 1 దగ్గర 7.03. శిఖరం సున్నా దగ్గర ఉంటుందని చాలామంది అనుకుంటారు, అక్కడ వచ్చేది 7.56. అసలు శిఖరం రుణ 0.36 దగ్గర, 8.56. తర్వాత 1 దగ్గర 1.53, 2 దగ్గర 0.11, 2.75 దగ్గర సున్నా. మళ్లీ 5 దగ్గర 0.19, 10 దగ్గర 0.52, 20 దగ్గర 0.74. ఈ సంఖ్యలన్నీ నేపథ్య శోషణకు, అంటే రేఖకు దూరంగా ఉండే మామూలు శోషణకు, ఎన్ని రెట్లో చెబుతాయి. సున్నా అంటే ఆ శక్తి దగ్గర హీలియం దాదాపు పారదర్శకం అన్నమాట. శిఖరం నుంచి 58 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు పైకి జరిగితే చాలు.

ప్రయోగంలో ఇది చూడటం అంత సులువు కాదు. ఎక్కడ తప్పు జరుగుతుందో తెలిస్తేనే ఆ గీత విలువ తెలుస్తుంది. 20 నానోమీటర్ల కాంతిని గాలి మింగేస్తుంది, గాజూ మింగేస్తుంది. కాబట్టి దారి అంతా వాక్యూమ్‌లో ఉండాలి, వాయువు ఉన్న గదికి మామూలు కిటికీ పెట్టలేం. సన్నటి రంధ్రాల గుండా కాంతిని పంపి, గదికి అటూ ఇటూ దశలవారీగా పంపులతో లాగుతూ హీలియం గ్రేటింగ్ (కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసే సన్నని గీతల పలక) వైపు పాకకుండా చూస్తారు. అద్దాలు, గ్రేటింగ్‌ల మీద కాంతి వాటిని దాదాపు రాసుకుంటూ పోయేలా పడాలి, నిటారుగా పడితే తిరిగి వచ్చేది అత్యల్పం. అన్నిటికన్నా మోసం చేసేది రెండో ఆర్డర్ కాంతి. 60.15 కోసం తిప్పి పెట్టిన గ్రేటింగ్ 120.3 ఎలక్ట్రాన్ వోల్టుల కాంతిని కూడా అదే దిశలో పంపుతుంది. దాన్ని హీలియం పెద్దగా పీల్చుకోదు కాబట్టి డిటెక్టర్ మీద ఎప్పుడూ కొంత వెలుతురు మిగిలి, శిఖరం పొట్టిగా కనిపిస్తుంది. కొన్ని వందల నానోమీటర్ల మందం గల అల్యూమినియం రేకు దీనికి మందు. అల్యూమినియం 72.7 ఎలక్ట్రాన్ వోల్టుల లోపు కాంతిని బాగానే వదులుతుంది, ఆ పైన ఒక్కసారిగా మింగడం మొదలుపెడుతుంది. రేకులో సూది బెజ్జం ఉంటే మాత్రం ఈ శ్రమంతా వృథా. బిగించే ముందు చీకట్లో దీపానికి ఎదురుగా పట్టి చూడటం తప్పనిసరి.

వాయువు ఎంత పెట్టాలన్నది ఇంకో చిక్కు. శిఖరం దగ్గర సగం కాంతి తగ్గేలా పెడితే, రేఖకు దూరంగా 8 శాతమే తగ్గుతుంది. సున్నా దగ్గరి పల్లం ఆ 8 శాతంలోనే కనబడాలి కాబట్టి మూలకాంతి హెచ్చుతగ్గులు పల్లాన్ని కప్పేస్తాయి. పల్లం బాగా కనబడాలని వాయువు పెంచి శిఖరం దగ్గర 99 శాతం మింగేలా చేస్తే, దూరంగా 42 శాతం తగ్గి పల్లం స్పష్టమవుతుంది గానీ, శిఖరం దగ్గర మిగిలిన 1 శాతంలో కాస్త చెత్త కాంతి కలిసినా తల చదునవుతుంది. అందుకే ఒకే రేఖను రెండు పీడనాల దగ్గర కొలిచి పోల్చి చూడటం మంచిది. ఇక పరికరం స్పష్టత 0.1 ఎలక్ట్రాన్ వోల్టు ఉంటే 0.037 వెడల్పున్న రేఖ సాగిపోతుంది, పల్లం పూడిపోతుంది. పూడిన పల్లానికి నేరుగా ఫానో సూత్రం అతికిస్తే తప్పు విలువలు వస్తాయి. సూత్రాన్ని ముందు పరికరం వెడల్పుతో కలిపి, ఆ తర్వాతే కొలతలకు సరిపెట్టాలి.

మాడెన్, కాడ్లింగ్‌ల ఫలితంలో ఇంకో వింత ఉంది. తర్వాతి మెట్టుకు 2ఎస్‌3పి, 2పి3ఎస్ అని రెండు అమరికలున్నాయి. నిచ్చెన బొమ్మ ప్రకారం రెండు రేఖలూ దాదాపు సమాన బలంతో ఉండాలి. కానీ 63.66 దగ్గరిది బలంగా, 62.76 దగ్గరిది కనిపించీ కనిపించనట్టు వచ్చాయి. అదే సంవత్సరం కూపర్, ఫానో, ప్రాట్స్ దీన్ని విప్పి చెప్పారు. ఆ రెండు అమరికలు విడివిడిగా ఉండవు, కూడికగా ఒకటి, తీసివేతగా ఒకటి కలుస్తాయి. కూడిక స్థితిలో రెండు ఎలక్ట్రాన్లూ ఒకేసారి కేంద్రకం వైపు దూకుతాయి, ఒకేసారి వెనక్కు వస్తాయి. తీసివేత స్థితిలో ఒకటి లోపలికి వెళ్తే రెండోది బయటికి వస్తుంది. ఇద్దరూ కేంద్రకం దగ్గర కలుసుకుంటేనే శక్తి చేతులు మారేది. అందుకే కూడిక స్థితి 80 ఫెమ్టోసెకన్లలో విడిపోతే, తీసివేత స్థితి పికోసెకన్ల పాటు నిలుస్తుంది. కిందటి పేరాలో చెప్పిన స్పష్టత సమస్య ఇక్కడ ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఎందుకంటే తీసివేత రేఖ వెడల్పు 0.1 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టు స్థాయిలోదే.

విడిపోని జంట కూడా ఉంది. ఆరింటిలో 59.7 దగ్గరిది, '2పి రెండు' ట్రిప్లెట్. శక్తి కావలసినంత ఉన్నా బయటపడే ఎలక్ట్రాన్‌కు ఆ కోణీయ ద్రవ్యవేగం, ఆ పారిటీ (దిశలన్నీ తిరగేస్తే స్థితి గుర్తు మారుతుందా లేదా అని చెప్పే గుణం) రెండూ కుదిరే దారి లేదు. కాబట్టి అది 32 నానోమీటర్ల కాంతినిచ్చి దిగుతుంది. నిచ్చెన బొమ్మ పనిచేసేది ఈ మినహాయింపులోనే.

బేరియం, స్ట్రాన్షియంలలో ఒక ఎలక్ట్రాన్‌ను లేజర్లతో చాలా దూరపు కక్ష్యకు ఎక్కించి, తర్వాత లోపలిదాన్ని మరో లేజర్‌తో కదిపే పద్ధతి 1978 నుంచీ ఉంది. బేరియంలో ఈ రెండో దశకు 493.4 లేదా 455.4 నానోమీటర్ల కాంతి వాడతారు, అవి బేరియం అయాన్ సొంత రేఖలు. బయటి ఎలక్ట్రాన్ 20వ కక్ష్యలో ఉంటే కేంద్రకం నుంచి 20 నానోమీటర్ల దూరంలో, పికోసెకనుకు ఒక చుట్టు చొప్పున తిరుగుతుంది, లోపలి సందడి దానికి దాదాపు తెలియదు. రెండూ ఒకే వైపు ఉండి, లోపలిది ఊగుతుంటే బయటిది దాదాపు కదలకుండా నిలిచిపోయే స్థిరమైన అమరిక హీలియంలో ఉందని 1990లో రిక్టర్, వింట్‌గెన్ చూపారు. వికర్షించుకునేవి చెరో వైపే ఉండాలని పైన మేము చెప్పిన మాటకు ఇది ఎదురు ఉదాహరణ.

ఇదంతా ప్రయోగశాలకే పరిమితమని అనుకోవద్దు. స్వయం అయనీకరణాన్ని వెనక నుంచి నడిపితే, బయటి ఎలక్ట్రాన్ సరైన వేగంతో వచ్చి అయాన్‌లో పడుతూ లోపలిదాన్ని పైకెక్కిస్తుంది. ఆ జంట మళ్లీ విడిపోకముందే కాంతినిస్తే, వచ్చిన ఎలక్ట్రాన్ అక్కడే చిక్కుబడుతుంది. హీలియంలో ఇలా జరిగే అవకాశం అత్యల్పం. కేంద్రక ఆవేశం పెరిగితే కాంతినిచ్చే వేగం ఆవేశపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది, విడిపోయే వేగం పెద్దగా మారదు. ఆవేశం 26 ఉన్న ఇనుములో రెండూ పోటాపోటీగా ఉంటాయి. సూర్యుని కరోనాలో (బయటి వాతావరణంలో) అయాన్ల పాళ్లను బట్టి కట్టిన ఉష్ణోగ్రత, రేఖల వెడల్పును బట్టి కట్టినదాని కన్నా తక్కువగా వచ్చేది. ఈ ప్రక్రియను లెక్కలోకి తెచ్చి ఆ తేడాను సరిచేసింది బర్జెస్, 1964లో. రెండే ఎలక్ట్రాన్లు మిగిలిన ఇనుము అయాన్ ప్రధాన రేఖ 0.185 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. దాని పక్కనే జంట స్థితుల నుంచి వచ్చే ఉపరేఖలుంటాయి. ఈ రెండింటి బలాల నిష్పత్తి నుంచి ప్లాస్మా ఉష్ణోగ్రత కడతారు.

ఆటోసెకను (ఫెమ్టోసెకనులో వెయ్యో వంతు) కాంతి స్పందనలకు 2023లో నోబెల్ వచ్చినప్పుడు ఎలక్ట్రాన్ల కదలికను చూడవచ్చని అంతటా రాశారు. చూసినదేమిటో చెబితే పాఠకుడికి ఇంకా బాగా అర్థమయ్యేది. 2016లో రెండు బృందాలు హీలియంలో సరిగ్గా ఈ 60.15 రేఖ పుట్టుకను గమనించాయి. మొదటి కొన్ని ఫెమ్టోసెకన్లలో అది మామూలు నేపథ్యమే. జంట విడిపోయే కొద్దీ రెండో దారి తరంగం వచ్చి కలుస్తుంది, ఆకారం ఒరుగుతుంది, పల్లం తవ్వుకుంటుంది.

మీ విజ్ఞాన పేజీలో పరమాణువు గురించి ఈసారి రాసేటప్పుడు నిచ్చెన బొమ్మ పక్కన ఈ గీతను కూడా వేయమని కోరుతున్నాం. అడ్డంగా ఫోటాన్ శక్తి 59.8 నుంచి 60.5 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా, నిలువుగా నేపథ్యానికి రెట్లు 0 నుంచి 9 దాకా పెట్టండి. శిఖరం 60.143 దగ్గర, సున్నా 60.20 దగ్గర రావాలి. కంటికి నునుపుగా ఉండాలని చిత్రకారుడు పల్లాన్ని సున్నాకు కాస్త పైన ఆపేస్తే బొమ్మ తప్పవుతుంది, అడుగు గీతను తాకనివ్వండి.

ఇట్లు,
పరమాణు భౌతికశాస్త్రం బోధించే అధ్యాపకులు